కళ్ల ముందు గుప్పెడు గాలి

బావి గట్టు మీద మొదలైన తగువు అండమాన్ దాకా పోయింది. స్కూబా మాస్క్ కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది రంగూ రేటూ కాదు, అద్దంలో తమ ముఖం.

మిట్టమధ్యాహ్నం. వీపనగండ్ల ఊరి బయట మా పెద్దనాయన బావి దగ్గర మోటరు తిరుగుతోంది గానీ నీళ్లు ఎత్తడం లేదు. ఫుట్‌వాల్వ్‌లో ఏదో చిక్కుకుంది. డెబ్బైకి దగ్గర పడుతున్న పెద్దనాయన స్టార్టర్ కట్టేసి, తువ్వాల గట్టు మీద పెట్టి, పంచె గోచి పోసుకుని, నడుముకు తాడు కట్టుకుని మెట్లు దిగాడు. తాడు రెండో కొస మా తమ్ముడి చేతిలో ఉంది. బుడుంగుమని మునిగాడు. పైన నాలుగు బుడగలు. ఇరవై లెక్కపెట్టేలోపు తేలి, గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ మునిగాడు. మూడోసారి తేలినప్పుడు చేతిలో నల్లగా కుళ్లిన గోనెసంచి పేలిక ఉంది.

"ఎట్ల కనిపించింది పెద్దనాయనా?" అని అడిగాను.

"కనిపించుడేంది బిడ్డా! నీళ్లల్ల కండ్లు తెరిస్తే అంత మసకమసక. పైపు పట్టుకొని తడుముకుంట పోవుడే."

గట్టు మీద మా అక్క కొడుకు కూర్చుని ఉన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వచ్చే నెల పెళ్లి, పెళ్లయ్యాక అండమాన్ ప్రయాణం, అక్కడ ఇద్దరూ కలిసి స్కూబా. టికెట్లకన్నా ముందే మాస్కులు తెప్పించాడు. ఒకటి కాదు, మూడు. సంచిలోంచి నీలం రంగుది తీసి, "తాతా, ఇది పెట్టుకొని దిగు, అడుగు దాకా కనిపిస్తది" అన్నాడు.

పెద్దనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టుకుని దిగాడు. పది లెక్కపెట్టకముందే దగ్గుతూ పైకొచ్చాడు. మాస్క్‌లో ముక్కు దాకా నీళ్లు. తీసి మనవడి ఒళ్లోకి విసిరేసి, "దీనికంటె నా చేతులే నయం" అన్నాడు. గట్టు మీద అందరూ నవ్వారు. మా అల్లుడి ముఖం మాడిపోయింది. "నాలుగున్నర స్టార్లున్నయి మామా దీనికి" అన్నాడు నాతో, మెల్లగా.

స్టార్లు అబద్ధం కాకపోవచ్చు. ఆ మాస్క్‌లో లోపమూ లేదు. అది పెద్దనాయన ముఖానిది కాదు, అంతే.

ఊరూరా స్కూబా ముచ్చట

పదేళ్ల కిందట మా వైపు పెళ్లయిన జంట తిరుపతి పోయేది, మహా అయితే ఊటీ. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, తెలిసినవాళ్లెవరో ఒకరు నీళ్లడుగున బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపిస్తుంటారు. నీళ్లలో ఆ సైగకు 'నేను బాగున్నా' అని అర్థం. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ చేసిన ఫొటోలు, ఆ ఫిబ్రవరి 25న ద్వారక సముద్రంలోకి దిగిన ఫొటోలు బయటికి వచ్చాక ఆ ముచ్చట ఇంకా పెరిగింది. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ (2018 దాకా హావ్‌లాక్), కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, మనకు దగ్గర్లో విశాఖ ఋషికొండ... పేర్లన్నీ మా ఊరి పిల్లల నోళ్లలో నానుతున్నాయి.

కృష్ణ మాకు కొత్త కాదు. మా మండలంలోనే గోపాల్‌దిన్నె రిజర్వాయర్ ఉంది. కొల్లాపూర్ దాటితే సోమశిల, అక్కడి నుంచి ఎటు చూసినా శ్రీశైలం వెనుకజలాలు. డ్యామ్ 885 అడుగులకు నిండితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి శిఖరం కూడా మునిగిపోతుంది, ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే గోడలతో సహా బయటపడుతుంది. నీళ్లకింద గుళ్లు, ఊళ్లు, పొలాలు ఉన్నాయని తెలిసి బతికే జనం మాది. అయినా నీళ్ల లోపల ఏముందో కళ్లారా చూసినవాళ్లు మాలో ఎంతమంది? పుట్టి వేసుకుని వల లాగే బెస్తవాళ్లకైనా చేప దొరికేది వల బరువును బట్టే, కంటి చూపును బట్టి కాదు.

నీళ్లు తగిలితే కన్ను కన్ను కాదు

మన కన్ను గాలికి అలవాటు పడింది. కంటి ముందు నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది కదా, వెలుతురును వంచి లోపల బొమ్మ కట్టే పనిలో మూడింట రెండొంతులు దానిదే. దాని ముందు గాలి ఉన్నంతసేపే ఆ పని సాగుతుంది. నీళ్లు తగిలాయా, ఆ పొర ఉన్నా లేనట్టే. ఎంత చూపున్నవాడైనా ఆ క్షణాన పెద్ద నంబరు కళ్లజోడు పోగొట్టుకున్నవాడితో సమానం. పెద్దనాయన చెప్పిన మసకమసక ఇదే.

మాస్క్ చేసే పని ఇంతే. కన్నుకూ నీటికీ మధ్య గుప్పెడు గాలిని నిలబెడుతుంది. ఆ గాలి నిలిస్తే చూపు నిలుస్తుంది. ఓ పక్కనుంచి చెంచాడు నీళ్లు దూరితే, అది లక్ష రూపాయల మాస్కయినా బావిలో కళ్లు తెరిచినట్టే.

అలాగని మాస్క్ పెట్టుకోగానే చూసిందంతా నిజమనుకోవద్దు. నీళ్లలో నుంచి, బల్లపరుపు అద్దంలో నుంచి, మాస్క్ గాలిలో నుంచి వెలుతురు వంగి వస్తుంది కాబట్టి ప్రతిదీ అసలు సైజుకన్నా మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. మూరెడు చేపను చూసి బారెడని చెప్పే డైవర్‌ను మరీ అంతగా అనుమానించాల్సిన పని లేదు, పాపం సగం తప్పు అద్దానిది. ఈ లెక్కే గట్టు మీద నిలబడి చూసేవాడికీ వర్తిస్తుంది. పన్నెండడుగుల లోతున్న తేట నీళ్లు పైనుంచి తొమ్మిదడుగులే అనిపిస్తాయి. కాల్వ లోతు లేదని దూకిన పిల్లల కథలు మా వైపు ప్రతి ఎండాకాలం వింటూనే ఉంటాం.

ఇక్కడో ముచ్చట చెప్పాలి. అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున, థాయిలాండ్ సురిన్ దీవుల్లో మోకెన్ అనే సముద్ర సంచార జాతి ఉంది. వాళ్ల పిల్లలు మాస్క్ లేకుండానే నీటి అడుగున గవ్వలు, నత్తలు ఏరుకొస్తారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా గిస్లెన్ వాళ్ల చూపును పరీక్షించి, యూరప్ పిల్లలకన్నా నీళ్లలో రెండింతలు సన్నని గీతలు గుర్తుపడుతున్నారని 2003లో ప్రకటించింది. వాళ్లు నీళ్లలో కంటిపాపను బాగా చిన్నది చేసుకుంటున్నారట. ఆ తర్వాత స్వీడన్ పిల్లలకు కొన్ని వారాలు తర్ఫీదు ఇస్తే వాళ్లకూ వచ్చింది. అంటే పుట్టుకతో వచ్చిన విద్య కాదు, సాధన. ఈ సంగతి చెబితే పెద్దనాయన, "నలభై ఏండ్ల నుంచి మునుగుతున్న, నాకెందుకు రాలే?" అన్నాడు. పిల్లప్పుడే మొదలుపెట్టాలేమో పెద్దనాయనా అన్నాను. అంతకుమించి సమాధానం నా దగ్గర లేదు.

గాజులమ్మ లేని దుకాణం

గాజులమ్మ మన చెయ్యి పట్టుకుని వేళ్లు మడిచి ఓసారి నొక్కి చూసి, ఏ సైజు పడుతుందో చెప్పేస్తుంది. మాస్క్ కొట్లో అలాంటి మనిషి దొరకడం అరుదు. ఆన్‌లైన్లో ఎలాగూ లేదు. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, నిమిషం పడుతుంది.

ముందు రబ్బరు పట్టీని అద్దం ముందు వైపుకు మడిచేయండి. జుట్టంతా వెనక్కి తీయండి. తల పైకెత్తి, ఆకాశం చూస్తున్నట్టు, మాస్క్‌ను ముఖం మీద ఊరికే పెట్టండి. నొక్కొద్దు. మెత్తని సిలికాన్ అంచు (డైవర్లు దీన్ని స్కర్ట్ అంటారు) నుదురు, కణతలు, బుగ్గలు, పైపెదవి మీద ఎక్కడా ఖాళీ లేకుండా ఆనిందేమో వేలితో తడిమి చూడండి. ఇప్పుడు ముక్కుతో కొద్దిగా, బహు కొద్దిగా గాలి పీల్చి బిగబట్టండి. చెయ్యి తీసేసి తల వంచండి. మాస్క్ ముఖానికి అతుక్కుని ఉంటే అది మీకు చుట్టమే. జారిపోతే పక్కన పెట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

చాలామంది మోసపోయేది ఎక్కడంటే, గట్టిగా పీల్చడం దగ్గర. గట్టిగా పీలిస్తే ఇత్తడి చెంబైనా ముఖానికి అతుక్కుంటుంది. ఇంకొకటి, ఇదంతా నోరు మూసుకుని చేస్తారు. నీళ్లలో మన నోట్లో సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ ఉంటుంది, పళ్లతో కరిచి పట్టుకుంటాం, బుగ్గలు లోపలికి పోతాయి, పైపెదవి సాగుతుంది. ముఖం ఆకారమే మారిపోతుంది. అందుకని కొట్లో స్నార్కెల్ (గాలి పీల్చే గొట్టం) నోట్లో పెట్టుకుని మళ్లీ చూసుకోవాలి. ఓసారి నవ్వి కూడా చూసుకోవాలి. నవ్వితే బుగ్గల మీద పడే గీతలోంచే నీళ్లు దూరతాయి. తాబేలు కనిపిస్తే నవ్వకుండా ఉండగలరా?

ఆ తర్వాత ముక్కు. మాస్క్‌లో ముక్కుకు విడిగా ఓ జేబు ఉంటుంది. లోతుకు పోతుంటే చెవులు దిబ్బడేస్తాయి, ముక్కు మూసి మెల్లగా గాలి ఊది వాటిని తెరుచుకోవాలి. ఆ జేబు బయటినుంచి రెండు వేళ్లకు ముక్కు చక్కగా అందాలి. లోపల ముక్కు కొన అద్దానికి తగలకూడదు. కనుబొమ్మల మధ్య ఫ్రేమ్ గట్టిగా ఒత్తితే కొట్లో ఏమీ అనిపించదు, నీళ్లలో అరగంటకు అక్కడో సుత్తి మొదలవుతుంది.

ఆ సుత్తి దెబ్బ నేను తిన్నాను. కొన్నేళ్ల కిందట విశాఖ తీరంలో మొదటిసారి దిగినప్పుడు తొట్లో ఉన్న మాస్కుల్లోంచి చేతికి దొరికింది తీసి పెట్టుకున్నాను. అందరూ సిద్ధమైపోయారు, ఇంకోటి అడగడానికి మొహమాటం. నీళ్లలోకి దిగీ దిగకముందే ఎడమ పక్కనుంచి ధార. నేను చేసిన పని ఏంటంటే, పట్టీ బిగించడం. ఇంకా కారింది. ఇంకా బిగించాను. పట్టీ లాగేకొద్దీ మెత్తని అంచు మడతపడి, కొత్త సందు పుడుతుందని అప్పుడు తెలియదు. తెగేదాకా లాగొద్దని పెద్దలు ఊరికే అనలేదు. ముక్కు దాకా ఉప్పునీళ్లతో సగం చేపను చూసి పైకొచ్చాను. రెండో సగం ఏ రంగులో ఉందో ఇప్పటికీ తెలియదు. రాత్రి దాకా ముఖం మీద వలయం, తలలో పోటు.

పట్టీ పని మాస్క్‌ను అదిమి పట్టడం కాదు, పడిపోకుండా చూడడం. తల వెనక ఎత్తుగా ఉన్న చోట ఆనుకుని ఉంటే చాలు. మిగతాది నీళ్ల ఒత్తిడే చూసుకుంటుంది. పెద్ద జడ ఉన్నవాళ్లు రబ్బరు పట్టీ మీద తొడిగే మెత్తని నియోప్రీన్ గుడ్డపట్టీ తీసుకుంటే వెంట్రుకలు చిక్కుకోవు. అద్దెకు తీసుకున్నా, శిక్షకుడు ఇచ్చినా, నాలుగు మాస్కులు పెట్టి చూసుకుంటానని అడగండి. మొహమాటపడితే నాలాగే సగం చేప మిగులుతుంది.

■ మీసం, ముక్కుపుడక, బొట్టుబిళ్ల

*మాస్క్ అంచు పైపెదవి మీద, ముక్కు కిందే ఆనుతుంది. సరిగ్గా అక్కడే మన మగవాళ్ల మీసం. ఒక్కో వెంట్రుక ఒక్కో కాల్వ. మీసం మొత్తం తీయక్కర్లేదు, ముక్కు రంధ్రాల కింద జొన్నగింజంత వెడల్పున సన్నని బాట గొరిగితే అంచు చర్మానికి ఆనుతుంది. కొందరు వాజెలైన్ పూస్తారు గానీ పెట్రోలియం జెల్లీ పరికరాలకు మంచిది కాదు, పూస్తే సిలికాన్ గ్రీజే పూయాలి. ఆడవాళ్లకు ముక్కుపుడకతో చిక్కు. ముక్కు నొక్కినప్పుడల్లా గుచ్చుకుంటుంది, జేబు సిలికాన్‌ను కోసినా కోస్తుంది. ఆ పూటకు తీసి ఇంట్లో పెట్టడం మేలు. స్టిక్కర్ బొట్టు అంచు కిందికి వస్తే నుదుటి మీద సందు పడుతుంది. ముంగురులు మాత్రం ఎంత చెప్పినా వింటేనా, టోపీ కిందికి తోయాల్సిందే.*

ఒక అద్దమా, రెండా?

అద్దం మీద సన్నని అక్షరాలతో 'టెంపర్డ్' అని అచ్చుపోసి ఉందో లేదో ముందు చూడండి. అది గట్టిపరిచిన గాజు. పగిలినా కత్తిముక్కల్లా కాక మొండి పలుకుల్లా రాలుతుంది. ప్లాస్టిక్ అద్దం తేలిక, చవక. కానీ నాలుగు రోజులకే గీతలు పడుతుంది, తొందరగా పొగ కమ్ముతుంది. పిల్లలు ఒడ్డున ఆడుకోవడానికి తప్ప పనికి రాదు. అంచు కూడా అంతే. సిలికాన్ వేలితో నొక్కితే మెత్తగా వెన్నలా లొంగి, వెంటనే మునుపటి రూపానికొస్తుంది. చవక బొమ్మల మాస్కుల్లోని పీవీసీ బిరుసుగా ఉంటుంది, ముఖానికి సరిపడదు.

ఒకే అద్దం ఉన్న మాస్క్‌లో ముక్కు దగ్గర అడ్డు ఉండదు, కళ్ల ముందు తెర పరిచినట్టుంటుంది. రెండు అద్దాలది కంటికి దగ్గరగా కూర్చుంటుంది, లోపల గాలి తక్కువ పడుతుంది. గాలి తక్కువైతే మనకేం లాభం? మొదటిది, చూపు విశాలం. కిటికీకి దూరంగా నిలబడితే వీధిలో ఒక్క ఇల్లే కనిపిస్తుంది, చువ్వలకు కళ్లు ఆనిస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది. ఇదీ అంతే, అద్దం పెద్దదవడం ముఖ్యం కాదు, దగ్గరగా ఉండడం ముఖ్యం. కిందికి చూస్తే నడుముకున్న బెల్టు బకిల్, గాలి మీటరు కనిపించాలి. రెండోది, లోపలికి నీళ్లొస్తే ముక్కుతో ఒక్కసారి ఊదితే బయటికి పోతాయి.

ఈ ఊదడం అన్నది ప్రాణానికి సంబంధించిన విద్య. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, మాస్క్‌లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. అప్పుడు ముక్కుతో కొంచెం గాలి వదలకపోతే మాస్క్ ముఖాన్ని లోపలికి పీల్చేస్తుంది. కళ్లలో నెత్తురు జీరలతో, చుట్టూ కమిలిన ముఖంతో పైకి రావాల్సి వస్తుంది. ఈతకొలనులో పెట్టుకునే గాగుల్స్‌తో లోతుకు దిగకూడదనేది ఇందుకే. అందులో ముక్కు ఉండదు, గాలి నింపే దారే లేదు.

అంచు రంగు గురించి ఎవరి వాదన వాళ్లది. తెల్లగా పారదర్శకంగా ఉంటే పక్కల నుంచి వెలుతురు వస్తుంది, ఇరుకుగా అనిపించదు, ఫొటోలో ముఖం కనిపిస్తుంది. నలుపైతే పక్క వెలుతురు పడి అద్దం మెరవడం ఉండదు, ఎదురుగా ఉన్నది నిక్కంగా కనిపిస్తుంది. నీటి అడుగున కెమెరా పట్టేవాళ్లు ఎక్కువగా నలుపుకే ఓటేస్తారు. తెల్లది కొన్నేళ్లకు పసుపు తిరుగుతుంది. మొదటిసారి దిగి భయపడేవాళ్లకు తెల్లదే మంచిదని నా అభిప్రాయం. నలుపు పెట్టుకుంటే బావిలోంచి ఆకాశం చూస్తున్నట్టుంటుంది కొందరికి.

రంగు అద్దాల ప్రచారాన్ని మాత్రం అంతగా నమ్మొద్దు. నీళ్లు ఎరుపును ముందు తాగేస్తాయి. కొద్ది మీటర్లు దిగేసరికే కుంకుమ రంగు బూడిద రంగైపోతుంది, ఇంకా లోతున వేలు తెగితే కారే నెత్తురు పచ్చగా కనిపిస్తుంది. లేని ఎరుపును ఏ అద్దమూ తెచ్చిపెట్టలేదు. అది కావాలంటే చేతిలో టార్చి ఉండాలి.

■ ముఖమంతా కప్పే మాస్క్

*ఇప్పుడు మార్కెట్‌లో ముక్కుతో, నోటితో హాయిగా పీల్చుకోవచ్చంటూ ముఖమంతా కప్పే మాస్కులు కనిపిస్తున్నాయి. నీటి పైన తేలుతూ స్నార్కెలింగ్ చేయడానికే ఇవి. స్కూబాకు కావు. రెగ్యులేటర్ పెట్టుకునే వీలుండదు, ముక్కు నొక్కడం కుదరదు. డెకాథ్లాన్ కంపెనీ 2014లో తెచ్చిన ఈజీబ్రెత్‌తో ఈ రకం బాగా పేరుపడింది. 2020 కొవిడ్ రోజుల్లో ఇటలీలోని బ్రెషా పట్టణంలో ఇసినోవా అనే చిన్న సంస్థ దీనికి త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన వాల్వ్ బిగించి, ఆస్పత్రిలో ఆక్సిజన్ అందించే మాస్క్‌గా మార్చింది. సముద్రం కోసం పుట్టింది ఆస్పత్రి వార్డుకు అక్కరకొచ్చింది.*

కళ్లజోడు వాళ్ల కష్టం

మా అల్లుడికి మైనస్ మూడు. మాస్క్ లోపల కళ్లజోడు పెట్టుకుని చూశాడు, కాడలు అంచును ఎత్తేశాయి. "కళ్లజోడు తీసేస్తే చేప ఏదో మీ కోడలు ఏదో తెలవదు మామా" అన్నాడు. ఆ మాట పెళ్లికి ముందే అనేశాడు, ధైర్యవంతుడే.

రెండు అద్దాల మాస్కుల్లో ఆ అద్దాలు తీసి, నంబరున్న అద్దాలు వేసే వీలుంటుంది. మైనస్ నంబర్లకు అర నంబరు తేడాతో తయారు అద్దాలు దొరుకుతాయి. నీళ్లలో అన్నీ కాస్త పెద్దగానే కనిపిస్తాయి కనుక తక్కువ నంబరున్నవాళ్లు కొందరు ఊరికే సర్దుకుపోతారు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు మెత్తనివి, ఆ రోజుకు పెట్టుకుని పారేసేవి పెట్టుకుని, ముందుగా శిక్షకుడికి చెప్పాలి. మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేసే అభ్యాసంలో కళ్లు మూసుకోవాలి, లేకపోతే లెన్సు చేపల పాలు. నలభై దాటినవాళ్లకు చేప కనిపిస్తుంది, చేతికున్న మీటరులో అంకెలు కనిపించవు. గాలి ఎంత మిగిలిందో చెప్పే అంకెలవి, చదవలేకపోతే ఎలా? అద్దం కింది భాగంలో అతికించే చిన్న చదువు అద్దాలు ఇందుకే వచ్చాయి.

ఉమ్మి పలక మీదే కాదు

కొత్త మాస్క్ పెట్టుకుని దిగిన నిమిషంలోనే తెల్లగా పొగ కమ్మేస్తుంది. కంపెనీలో సిలికాన్ తాలూకు పలచని జిడ్డు పొర అద్దం లోపల మిగిలిపోతుంది, మన ఊపిరి తేమ దాన్ని పట్టుకుని చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది. కొత్తదాన్ని వాడే ముందు జెల్ కాని మామూలు తెల్ల టూత్‌పేస్టుతో అద్దం లోపలి వైపు వేలితో బాగా రుద్ది కడగాలి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. లోపల ప్రత్యేకమైన పూత ఉన్న అద్దమైతే ముందు డబ్బా మీది సూచనలు చదవండి, రుద్దితే పూత ఊడుతుంది.

ప్రతిసారీ దిగే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. నీళ్లలో కలిపిన పిల్లల షాంపూ రెండు చుక్కలు పూసి తొలుచుకోవచ్చు. అది లేకపోతే ఉమ్మి. అవును, ప్రపంచంలో ఎంత గొప్ప డైవరైనా పొడి అద్దంలో ఉమ్మి, వేలితో రుద్ది, సముద్రపు నీళ్లతో ఓసారి తొలిచి పెట్టుకుంటాడు. చిన్నప్పుడు బడిలో పలక మీద ఉమ్మి తుడిచినందుకు సార్ చేత బెత్తం దెబ్బలు తిన్న నాకు, పడవ మీద శిక్షకుడే ఉమ్మమన్నప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, గట్టి డబ్బాలో పెట్టాలి. తడితో పెడితే సిలికాన్ మీద నల్లమచ్చలు లేస్తాయి. మా పాలమూరు ఎండలో కారు అద్దం వెనక వదిలేస్తే అంచు వంకరపోతుంది. ఆ వంకరలోంచే మళ్లీ ధార.

కంటికి దిక్కులేని చోట

ఇంతసేపూ తేట నీళ్ల గురించి చెప్పుకున్నాం. మన నదులు అలా ఉండవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. వరద నీళ్లు, సుడులు, రెండు వందల అడుగుల పైచిలుకు లోతు. నౌకాదళం గజ ఈతగాళ్లు, ఎన్డీఆర్‌ఎఫ్ బృందాలు, సోనార్ యంత్రాలు అన్నీ వచ్చాయి. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి లాగింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు సిలిండర్లు కట్టుకుని దిగి తాళ్లు బిగించారు. అక్టోబరు 22న బోటు పైకొచ్చింది. ఆ బురద నీళ్లలో ఎంత మంచి మాస్కయినా కంటికి చూపించేది ఎర్రటి చీకటినే. డైవర్ మాస్క్ పెట్టుకునేది చూడడానికి కాదు, ముక్కులోకి, కంట్లోకి ఒండ్రు పోకుండా. చూసేది చేతులతోనే.

మాకు అంతకన్నా దగ్గరి జ్ఞాపకం ఉంది. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ రోజుల్లో ఒడ్డున కూర్చున్న జనం ఎదురుచూసింది నీళ్లలోకి దిగేవాళ్ల చేతుల కోసమే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు కూడా నీళ్లూ బురదా నిండిన ఆ చీకట్లోకి నౌకాదళం వాళ్లు వచ్చి దిగారు.

ఇవన్నీ గుర్తుపెట్టుకునే మా అక్క కొడుకుతో గట్టిగా చెప్పాను. మాస్క్ ఉందని గోపాల్‌దిన్నెలోనో కృష్ణలోనో సొంతంగా దిగొద్దు. ఈత కొలనులో నేర్చుకుని, శిక్షకుడి చెయ్యి పట్టుకుని దిగు. జలుబు ఉంటే ఆ రోజు మానెయ్. శిక్షణ ఇచ్చే పెద్ద సంస్థల్లో ఒకటైన పాడి (PADI) లెక్క ప్రకారం సరదాకు మొదటిసారి దిగేవాళ్లను 12 మీటర్లకు మించి తీసుకుపోరు, కోర్సు పూర్తి చేసినవాళ్లకు 18 మీటర్లు. ఆ మాత్రం లోతులో కనిపించే చేపలు చాలు.

మూడో వరస రాయి

అల్లుడు తెచ్చిన మూడు మాస్కుల్లో నీలంది తనకే పట్టలేదు. గట్టు మీద అందరి ముఖాలకూ పెట్టి చూశాం. పచ్చది మా తమ్ముడి కూతురికి అతికినట్టు కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్ల, ముఖం చిన్నది. రెండద్దాల నల్లది అల్లుడికి సరిపోయింది, నంబరు అద్దాలు హైదరాబాద్‌లో వేయించుకుంటానన్నాడు. నల్లది పెద్దనాయనకు కూడా పెట్టి చూశాను. నుదురు, కణతలు, బుగ్గలు బాగా ఆనాయి. ముక్కు కింద మాత్రం వేలు దూరేంత సందు.

"మీసం కొంచెం..." అన్నాను.

"మీసమా? నా పెండ్లప్పటి నుంచి తియ్యలే." అని తువ్వాల దులుపుకుని లేచి పోయాడు.

మర్నాడు పొద్దున్నే మోటరు వేయడానికి వెళ్తే పెద్దనాయన ముందే బావి దగ్గర ఉన్నాడు. ముక్కు కింద సన్నగా తెల్లటి బాట. మీసం రెండు పాయలుగా అటూ ఇటూ నిలబడింది. మంగలి దగ్గరికి ఎందుకు పోయావని ఎవరూ అడగలేదు. "ఎండలకు సెమటకాయలైతున్నయి" అని ఆయనే చెప్పాడు.

అల్లుడు నల్ల మాస్క్ అద్దంలో ఉమ్మి, రుద్ది, తొలిచి ఇచ్చాడు. పట్టీ వదులుగా పెట్టాం. తాడు తమ్ముడి చేతిలో. పెద్దనాయన మెట్ల మీద నుంచి మెల్లగా దిగాడు. బుడగలు రాలేదు. పదిహేను. ఇరవై. ఇరవై అయిదు. తమ్ముడు తాడు కదిపాడు. కిందినుంచి రెండుసార్లు గుంజాడు, బాగున్నానని. ముప్పై దాటాక తేలాడు. మాస్క్ లోపల చుక్క నీళ్లు లేవు.

అద్దంలోంచే మా వైపు చూశాడు కాసేపు. తర్వాత దాన్ని నుదుటి మీదికి తోసుకుని, మెట్టు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"తూర్పు దిక్కు మూడో వరస రాయి పగిలింది" అన్నాడు. "దాని ఎనక మట్టి కారుతుంది. వానలు పడకముందే మేస్త్రిని పిలువాలె." మళ్లీ మాస్క్ కిందికి లాగి, "ఆగుండ్రి, పడమర దిక్కు గూడ సూసొస్త" అని మునిగాడు.